ఆటోనగర్ విడిభాగాల దుకాణాలను, గ్యారేజీలను ఒక సంస్థ కిందికి తేవడం ఎలా: మదుపరులకు మార్గదర్శిని

విజయవాడ జవహర్ ఆటోనగర్ 1960ల నుంచి పెరుగుతూ వచ్చిన వాహన వ్యాపార కేంద్రం. అక్కడ ఒకే వీధిలో క్లచ్ ప్లేట్లు అమ్మే దుకాణం, దాని పక్కన లేత్ షాపు, ఆ పక్కన కమాను కట్టలు వేసే షెడ్డు, ఎదురుగా టింకరింగ్, పెయింటింగ్ చేసే గ్యారేజీ కనిపిస్తాయి. ప్రతి ఒక్కదానికీ వేరే యజమాని, వేరే జీఎస్టీ నంబరు, వేరే ఖాతా పుస్తకం. గుంటూరు, తెనాలి, ఏలూరు, గుడివాడ పట్టణాల్లోని చిన్న దుకాణాలు చాలావరకు ఇక్కడి నుంచే సరుకు తెచ్చుకుంటాయి. ఇలా చెల్లాచెదురుగా ఉన్న ఈ వ్యాపారాన్ని ఒక సంస్థ కిందికి తెచ్చి లాభం సంపాదించవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. అయితే డబ్బు పెట్టేవారు సాధారణంగా ముందు గ్యారేజీలు కొని, బోర్డులు మార్చి, ఆ తర్వాత సరుకు కొనుగోలు గురించి ఆలోచిస్తారు. నా అభిప్రాయంలో ఈ క్రమం తలకిందులుగా ఉండాలి. ముందు కొనుగోళ్లను ఏకం చేయాలి, తర్వాత గ్యారేజీలను కొనకుండా అనుబంధంగా చేర్చుకోవాలి, యాజమాన్యం కొనడం చివరి మెట్టు కావాలి. ఈ వ్యాసం ఆ క్రమాన్నే వివరిస్తుంది.

ఇప్పుడే ఎందుకు

ఈ పనికి ఇది అనువైన సమయమని అనడానికి మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది వారసత్వం. మొదటి తరం యజమానుల పిల్లలు చాలామంది ఇంజనీరింగ్ చదివి హైదరాబాదు, బెంగళూరు, అమెరికా వెళ్లిపోయారు. దుకాణం ఎవరికి అప్పగించాలో తెలియని పెద్దలు మంచి ధర, మర్యాద రెండూ దొరికితే అమ్మడానికి సిద్ధంగా ఉన్నారు.

రెండవది పన్ను. 2025 సెప్టెంబరు 22కు ముందు విడిభాగాల్లో కొన్నింటికి 28 శాతం, కొన్నింటికి 18 శాతం జీఎస్టీ ఉండేది. ఏ భాగం ఏ శ్రేణిలోకి వస్తుందన్న వివాదాలు ఉండేవి, బిల్లు లేని సరుకుకూ పక్కా బిల్లు సరుకుకూ ధరలో తేడా చాలా ఎక్కువగా ఉండేది. ఆ తేదీ నుంచి కార్లు, లారీలు, మోటారు సైకిళ్ల విడిభాగాలన్నింటికీ ఒకే 18 శాతం అమలులోకి వచ్చింది. పక్కాగా వ్యాపారం చేసే సంస్థకు ఉన్న ప్రతికూలత దీనితో పూర్తిగా పోలేదు కానీ గణనీయంగా తగ్గింది.

మూడవది సాంకేతికత. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముడైన బీఎస్-6 (కఠినమైన కాలుష్య ప్రమాణాల) కార్లు వారంటీ ముగించుకొని బయటి గ్యారేజీలకు వస్తున్నాయి. వాటిలో లోపం కనిపెట్టాలంటే మంచి స్కానర్లు, వాటికి ఏటా సాఫ్ట్‌వేర్ చందా, సెన్సార్ల గురించి శిక్షణ కావాలి. ఈ ఖర్చు ఒంటరి మేస్త్రి భరించలేడు, పది గ్యారేజీలు పంచుకుంటే భారం అనిపించదు.

విడిభాగాలు దొరకడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కార్ల కంపెనీలు తమ అసలు విడిభాగాలను బయటి మార్కెట్‌కు రానివ్వడం లేదంటూ, మార్కెట్లో పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దానిపై అప్పీళ్లు, వ్యాజ్యాలు నడిచాయి. తుది ఫలితం సంగతి అటుంచి, స్వతంత్ర గ్యారేజీకి విడిభాగాలు అందడం మీదనే ఈ రంగమంతా ఆధారపడి ఉందని ఆ ఉత్తర్వు స్పష్టం చేసింది. కొనుగోళ్లతో మొదలుపెట్టమనడానికి అదీ ఒక కారణమే.

మొదటి మెట్టు: కొనుగోళ్లను ఏకం చేయడం

ఒకే పట్టణంలో, లేదా గంటన్నర ప్రయాణ దూరంలో ఉన్న ఆరేడు దుకాణాలను ఎంచుకొని, వాటిని కొనకుండానే, వాటి తరఫున కొనుగోలు చేసే ఒక కంపెనీని పెట్టండి. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ సెట్లు, బేరింగులు, షాక్ అబ్జార్బర్లు వంటి వేగంగా కదిలే సరుకుతో మొదలుపెట్టాలి. ఆరుగురు విడివిడిగా కొన్నప్పుడు తయారీదారు ఇవ్వని అదనపు తగ్గింపు, ఆరుగురి పరిమాణం ఒకే ఆర్డరుగా వెళ్లినప్పుడు అడగడానికి వీలవుతుంది.

ఈ దశలో అన్నింటికంటే కష్టమైన పని సరుకు పేర్లను ఒక దారిలో పెట్టడం. ఒకే కారుకు సరిపోయే ఒకే బుష్‌ను ఒక దుకాణం కంపెనీ పార్ట్ నంబరుతో, ఇంకొకటి కారు పేరుతో, మరొకటి ఏ అరలో ఉంటుందో ఆ అర పేరుతో రాసుకుంటుంది. కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దాయనకు ఇవన్నీ కంఠస్థం, కంప్యూటర్‌కు తెలియవు. ఉమ్మడి కోడ్ పట్టిక తయారు చేయకుండా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా వ్యర్థమే. ఆ పట్టికను బయటి ఐటీ సంస్థకు అప్పగించకండి. కౌంటర్ మీద ఏళ్లు గడిపిన ఇద్దరు గుమాస్తాలను కూర్చోబెట్టి, వారికి తగిన జీతమిచ్చి చేయించండి.

సరఫరాకు కొత్త వ్యాన్లు కొనవలసిన అవసరం మొదట్లో ఉండదు. తెనాలి మేస్త్రి విరిగిన భాగాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు, ఆటోనగర్ దుకాణం దానిని పోల్చి చూసి ఆర్టీసీ కార్గోలో గానీ, ప్రైవేటు బస్సు డ్రైవర్ చేతికి గానీ ఇస్తుంది, మధ్యాహ్నానికి అది గ్యారేజీకి చేరుతుంది. ఈ పద్ధతి చవకైనది, వేగమైనది. దానిని మార్చకుండా, ఏ పార్సిల్ ఎప్పుడు వెళ్లింది, తిరిగి వచ్చిన సరుకు ఎంత అన్న లెక్క మాత్రం పెట్టండి.

దుకాణం వెల కట్టడం

ఇక యాజమాన్యం కొనే దశకు వచ్చినప్పుడు వెల ఎలా కట్టాలో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఏటా 3 కోట్ల అమ్మకాలు, 16 శాతం స్థూల లాభం (సరుకు కొన్న ధర మాత్రమే పోగా మిగిలేది) ఉన్న దుకాణం ఒకటి అనుకోండి. స్థూల లాభం 48 లక్షలు. జీతాలు 12 లక్షలు, ఇతర ఖర్చులు 6 లక్షలు పోగా 30 లక్షలు మిగులుతున్నాయని యజమాని చెబుతాడు. అది అబద్ధం కాదు కానీ మీకు మిగిలేది అంత ఉండదు. దుకాణం ఆయన సొంత భవనంలో ఉంది కనుక అద్దె రాయలేదు, రోజంతా తానే కూర్చుంటాడు కనుక తన జీతం రాయలేదు. నెలకు 50 వేలు అద్దె, 60 వేలు మేనేజరు జీతం కలిపితే ఏటా 13.2 లక్షలు అవుతుంది. నిజమైన లాభం 16.8 లక్షలు.

దానిని నాలుగు రెట్లు చేసి 67 లక్షలు ఇస్తామంటే యజమాని ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది. ఆయన దగ్గర పుస్తకాల ప్రకారం 90 లక్షల సరుకు ఉంది. అమ్ముకుంటూ పోయి దుకాణం మూసేసినా అంతకంటే ఎక్కువ వస్తుందని ఆయన అనుకుంటాడు. కాబట్టి విడిభాగాల దుకాణానికి లాభం మీద రెట్లు కట్టే పద్ధతి కంటే, కదిలే సరుకుకు కొన్న ధర, రాబట్టగలిగిన బాకీలు, వాటిలో నుంచి చెల్లించవలసినవి తీసివేత, దానిపైన ఒక ఏడాది నిజమైన లాభం గుడ్‌విల్‌గా (వ్యాపారానికి ఉన్న మంచి పేరు విలువగా) కలపడం మేలైన పద్ధతి. 90 లక్షల్లో ఏడాదిగా కదలని సరుకు 22 లక్షలు అనుకుంటే మిగిలేది 68. మార్కెట్లో 40 లక్షల బాకీలు ఉంటే, ఆరు నెలలు దాటినవి 12 తీసేస్తే 28. సరఫరాదారులకు ఇవ్వవలసింది 35. నికరం 61 లక్షలు, గుడ్‌విల్ కలిపితే సుమారు 78 లక్షలు. ఈ పెట్టుబడి మీద పన్నుకు ముందు రాబడి ఏటా సుమారు 21 శాతం.

ఏకీకరణ వల్ల వచ్చే అదనపు ఫలితం దీనిపైన ఉంటుంది. ఆ దుకాణం ఏటా కొనే సరుకు 2.52 కోట్లు. ఉమ్మడి కొనుగోలు వల్ల 3 శాతం తగ్గింపు అదనంగా వస్తే 7.5 లక్షలు మిగులుతాయి, అంటే లాభం దాదాపు 45 శాతం పెరుగుతుంది. కదిలే సరుకు ఇప్పుడు ఏడాదికి 3.7 సార్లు తిరుగుతుంటే, పక్క దుకాణంలో ఉన్నది చూసి తెప్పించుకోగల వ్యవస్థతో దానిని 5 సార్లకు తెచ్చినప్పుడు సుమారు 18 లక్షల మూలధనం బయటికి వస్తుంది. ఈ రెండు ఫలితాలు మీ లెక్కలో కనిపించకపోతే, పది దుకాణాలు కొన్నా మీ దగ్గర ఉండేవి పది దుకాణాలే తప్ప ఒక సంస్థ కాదు.

సరుకు లెక్కించేటప్పుడు పై అరల నుంచి మొదలుపెట్టండి. చేతికి అందే ఎత్తులో ఉన్నదంతా రోజూ అమ్ముడయ్యేదే. పైన, అట్టపెట్టెలు తేమకు మెత్తబడి, లేబుల్ మీద అంకెలు వెలిసిపోయిన చోట మారుతీ 800 కార్బురేటర్ కిట్లు, అంబాసిడర్ కింగ్‌పిన్లు, ఏనాడో తయారీ ఆగిపోయిన మోడళ్ల హెడ్‌లైట్లు ఉంటాయి. రబ్బరు సీళ్లను వేళ్ల మధ్య వంచి చూడండి. పగులు కనిపిస్తే పుస్తకంలో దాని విలువ ఎంతున్నా మీకు సున్నాయే. నకిలీ ప్యాకెట్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పేరున్న బ్రాండు సరుకు ఉందంటే, దానికి సరిపోయే కొనుగోలు బిల్లు అధీకృత పంపిణీదారు నుంచి వచ్చిందా అని ప్రతిదీ పోల్చాలి. నకిలీ సరుకు మీ గోదాములో దొరికితే ట్రేడ్‌మార్క్ చట్టం కింద జవాబుదారీ మీరే అవుతారు.

గ్యారేజీ లెక్క వేరు

గ్యారేజీలో సరుకు తక్కువ, మనుషులే ఆస్తి. యజమాని చూపించే ఆదాయాన్ని పుస్తకాలతో మాత్రమే సరిచూస్తే చాలదు. దేశవ్యాప్తంగా విస్తరించిన కార్ల సర్వీసు సంస్థ గోమెకానిక్ వ్యవస్థాపకులు 2023 జనవరిలో ఆర్థిక లెక్కల్లో తప్పులు జరిగాయని బహిరంగంగా ఒప్పుకున్నారు. పెద్ద పెద్ద పెట్టుబడి సంస్థలు డబ్బు పెట్టిన చోటే అలా జరిగింది. ఆ సంస్థ తర్వాత చేతులు మారింది. అందుకే గ్యారేజీని దాని వాడకాన్ని బట్టి కొలవాలి. చిన్న కారు సర్వీసుకు మూడు నుంచి నాలుగు లీటర్ల ఇంజన్ ఆయిల్ పడుతుంది. నెలకు 150 సర్వీసులు చేస్తున్నామంటే కనీసం 450 లీటర్ల ఆయిల్ కొన్న బిల్లులు, దాదాపు 150 ఆయిల్ ఫిల్టర్లు కొన్న బిల్లులు, వాడిన ఆయిల్‌ను అధీకృత రీసైక్లర్‌కు ఇచ్చిన రికార్డు ఉండాలి. పెయింట్ పని ఎక్కువన్న గ్యారేజీకి కరెంటు బిల్లు, థిన్నర్ కొనుగోలు చూడండి. ఒక నెల పాటు గేటు దగ్గర మనిషిని పెట్టి బండ్లు లెక్కించడం చిన్నతనం కాదు, అమ్మే వ్యక్తికి ముందే చెప్పి చేయండి.

బీమా క్లెయిముల మీద నడిచే బాడీ షాపులకు ఆదాయం నిలకడగా కనిపిస్తుంది కానీ డబ్బు ఆలస్యంగా వస్తుంది. పైగా మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగుదల కోత ఉంటుంది, ఆ తేడాను కారు యజమాని నుంచి రాబట్టుకోవాలి. సర్వేయరు ఆమోదించినది ఎంత, కంపెనీ ఇచ్చినది ఎంత, కస్టమర్ దగ్గర ఆగిపోయినది ఎంత అని మూడు గడులుగా విడదీసి అడగండి. అమెరికాలో బాడీ షాపుల గొలుసులు పెద్దవి కావడానికి అక్కడ మరమ్మతు ఖర్చులో సింహభాగం బీమా కంపెనీలు చెల్లించడమే ముఖ్య కారణం. మన దగ్గర పాత కారు మరమ్మతు ఖర్చు ఎక్కువగా సొంత జేబు నుంచే వస్తుంది. అక్కడి నమూనాను ఇక్కడ ఉన్నదున్నట్టు దించే ప్రయత్నం నేను సమర్థించను.

ఏ పనులు చేసే గ్యారేజీలు కొనాలన్నది కూడా ఆలోచించాలి. మారుతీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. డీజిల్ పంపు, ఇంజెక్టర్ పనికి ఇప్పుడున్న గిరాకీ కొన్నేళ్లు ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. విద్యుత్ కార్లలో ఇంజన్ ఆయిల్, క్లచ్, ఆయిల్ ఫిల్టర్ల పని ఉండదు, సస్పెన్షన్, ఏసీ, టైర్లు, టింకరింగ్, పెయింటింగ్ ఉంటాయి. కాబట్టి ఇంజన్ పని మీద మాత్రమే నిలిచిన గ్యారేజీకి ఎక్కువ వెల పెట్టకండి. ఏసీ, సస్పెన్షన్, బాడీ పనిలో పేరున్నవాటికి కొంచెం ఎక్కువైనా ఇవ్వవచ్చు.

కాగితాలు

ఆటోనగర్‌లో చాలా షెడ్లు 11 నెలల అద్దె అగ్రిమెంట్ల మీద నడుస్తుంటాయి. వ్యాపారం కొని, మరుసటి ఏడాది స్థలం పోగొట్టుకుంటే మిగిలేదేమీ లేదు. ధర మాట్లాడకముందే స్థలం యజమానితో కనీసం తొమ్మిదేళ్ల లీజు కుదుర్చుకొని రిజిస్టర్ చేయించండి. ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) కేటాయించిన ప్లాటు అయితే కేటాయింపు షరతులు, స్థానిక పారిశ్రామిక సంస్థకు కట్టవలసిన పన్ను బకాయిలు చూడాలి. స్థలం విలువ వ్యాపారం విలువ కంటే చాలా ఎక్కువగా ఉన్న చోట స్థలాన్ని కొనే ప్రయత్నం మానండి. మీ మూలధనం నేలలో ఇరుక్కుంటే సరుకుకు మిగలదు.

అన్నదమ్ముల భాగస్వామ్య సంస్థ అయితే భాగస్వాములందరి సంతకాలూ, చనిపోయిన భాగస్వామి వారసుల సమ్మతీ ఉండాలి. వ్యాపారాన్ని నడుస్తున్న స్థితిలో మొత్తంగా బదిలీ చేస్తే ఆ బదిలీ మీద జీఎస్టీ ఉండదు, వాడని ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను (సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి జమను) ఐటీసీ-02 ఫారం ద్వారా మీ ఖాతాకు తెచ్చుకోవచ్చు. 28 శాతం కాలంలో కొన్న పాత సరుకు మీద క్రెడిట్ నిల్వ పడి ఉన్న దుకాణాల్లో ఇది గమనించదగ్గ మొత్తమే. అయితే జీఎస్టీ చట్టం 85వ సెక్షన్ ప్రకారం బదిలీకి ముందు కాలపు పన్ను బకాయిలకు అమ్మినవారితో పాటు కొన్నవారూ బాధ్యులవుతారు. దానికోసం ధరలో కొంత భాగాన్ని రెండు మూడేళ్లు ఆపి ఉంచడం తప్పనిసరి. యజమానే తన వాటా ఉంచుకొని కంపెనీలో చేరితే, సొంత వ్యాపారాన్ని కంపెనీగా మార్చేటప్పుడు మూలధన లాభాల పన్ను పడకుండా చట్టం కల్పించిన వెసులుబాటు ఉంది. అందుకు ఆయన కనీసం 50 శాతం ఓటు హక్కును ఐదేళ్లు నిలుపుకోవాలి, అంటే ఆ వ్యవధిలో మీ వాటా సగానికి మించడానికి వీలుండదు. ఏది నయమో ఒప్పందానికి ముందే చార్టర్డ్ అకౌంటెంట్‌తో తేల్చుకోవాలి.

పది మంది పనిచేసే చోట ఈఎస్ఐ, ఇరవై మంది ఉన్నచోట పీఎఫ్ వర్తిస్తాయి. చిన్న గ్యారేజీలు విడిగా ఉన్నప్పుడు ఈ పరిమితికి లోపల ఉంటాయి, మీరు కలిపిన రోజున దాటుతాయి. ఆ ఖర్చును మొదటి లెక్కలోనే వేసుకోండి. ఎగ్గొట్టే దారి వెతకడం ధర్మం కాదు, నిలబడేదీ కాదు.

మేస్త్రి, కమీషన్, ఖాతా

కారు యజమాని బోర్డును చూసి రాడు, మేస్త్రిని నమ్మి వస్తాడు. అమ్మిన యజమాని పక్క వీధిలో అదే వ్యాపారం పెట్టకుండా ఒప్పందం రాయించుకోవచ్చు. గుడ్‌విల్ అమ్మిన వ్యక్తిపై నిర్ణీత ప్రాంతంలో సహేతుకమైన నిషేధాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అనుమతిస్తుంది. కానీ ఉద్యోగం మానేసిన మేస్త్రి ఎదురు షెడ్డులో చేరకుండా అదే సెక్షన్ కింద మీరు ఆపలేరు. అతనిని నిలిపేది వాటా ఒక్కటే. లేబర్ బిల్లులో శాతం, ఏడాది చివర గ్యారేజీ లాభంలో కొంత, పిల్లల చదువుకు అప్పు, ఆరోగ్య బీమా వంటివి రాతపూర్వకంగా ఇవ్వండి. దసరా నాటి ఆయుధ పూజకు యజమాని ఇచ్చే బట్టలు, బోనసు కొత్త యాజమాన్యంలో ఆగిపోతే ఆ వార్త సాయంత్రానికి ఆటోనగర్ అంతా తెలుస్తుంది.

విడిభాగాల దుకాణాలు మేస్త్రీలకు ఇచ్చే కమీషన్ గురించి కొత్తగా వచ్చిన మేనేజర్లు వెంటనే అభ్యంతరం చెబుతారు. కమీషన్‌ను ఒక్కసారిగా ఆపితే వారంలో మేస్త్రీలు పక్క కౌంటర్‌కు మారిపోతారు, దాచి ఇస్తే మీ పుస్తకాలు చెడిపోతాయి. దానిని బహిరంగ పథకంగా మార్చండి: ఎంత కొంటే ఎంత అన్నది అందరికీ తెలిసేలా, బ్యాంకు ఖాతాలోకి, ఏడాదికి 20,000 దాటిన చోట మూలంలో పన్ను (టీడీఎస్) మినహాయించి చెల్లించండి. పన్ను కోత చూసి మొదట్లో కొందరు గొణుగుతారు, ఆ రికార్డు చూపించి బ్యాంకు రుణం తెచ్చుకోగలిగినప్పుడు ఆ మాట తగ్గుతుంది.

ఖాతా పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. పేజీ పైన పేరు ఉండదు, ఊరి పేరో, బండి పేరో, పక్కనే ఎర్ర సిరాతో గీత ఉంటుంది. ఎవరికి ఎంతవరకు అరువు ఇవ్వవచ్చు, ఎవరు వరికోతల తర్వాత ఇస్తారు, ఎవరికి ఇక ఇవ్వకూడదు అన్నది ఆ గీతల్లో ఉంది. అమ్మిన యజమానిని కనీసం రెండేళ్లు జీతం మీద కౌంటర్‌లో ఉంచి, ధరలో 30 నుంచి 40 శాతాన్ని బాకీల వసూలుకు, అమ్మకాలకు ముడిపెట్టి ఏటా చెల్లించడం వల్ల ఆ జ్ఞానం మీ సిబ్బందికి అందుతుంది. ఆయనను సాయంత్రం టీ తాగే కుర్చీ నుంచి లేపకండి.

వేగం, బయటికి వచ్చే దారి

మొదటి ఏడాది ఉమ్మడి కొనుగోలు, కోడ్ పట్టిక. రెండవ ఏడాది రెండు దుకాణాలు, అనుబంధంగా ఎనిమిది పది గ్యారేజీలు. వాటి నెలవారీ లెక్కలు మూడు త్రైమాసికాలు వరుసగా సరిపోయిన తర్వాతే తదుపరి కొనుగోలు జరగాలి. ఉమ్మడి కొనుగోలులో మీరు ఆశించిన తగ్గింపు మొదటి ఏడాదిలో రాకపోతే అక్కడే ఆగిపోవచ్చు. అప్పటికి మీ నష్టం జీతాలు, సాఫ్ట్‌వేర్ ఖర్చు మాత్రమే. ముందే గ్యారేజీలు కొన్నవారికి ఆ అవకాశం లేదు.

అప్పు తెచ్చి వ్యాపారాలు కొనడం విషయంలో నిగ్రహం అవసరం. గుడ్‌విల్‌ను బ్యాంకులు తాకట్టుగా తీసుకోవు. మీ ఇల్లు తాకట్టు పెట్టి గుడ్‌విల్ కొనడం ప్రమాదకరం. అప్పును సరుకు కోసం, స్కానర్లు, లిఫ్టుల కోసం పరిమితం చేసి, యాజమాన్యం కొనే డబ్బు సొంతదై ఉండాలి.

ఐదారేళ్ల తర్వాత అమ్మాలనుకుంటే కొనేవారు ఎవరన్నది మొదటే ఆలోచించాలి. మహీంద్రా ఫస్ట్ చాయిస్ సర్వీసెస్ అనే కార్ల సర్వీసు గొలుసును టీవీఎస్ ఆటోమొబైల్ సొల్యూషన్స్ తీసుకున్నట్టు, దేశస్థాయి గొలుసులు ప్రాంతీయ బలం ఉన్న సంస్థలను కలుపుకొనే అవకాశం ఉంది. వారు అడిగేవి మూడు: పార్ట్ నంబరు వారీగా కనీసం మూడేళ్ల అమ్మకాల సమాచారం, కారు నంబరు వారీగా సర్వీసు చరిత్ర, రిజిస్టరైన లీజులు. ఈ మూడింటినీ మొదటి దుకాణం చేతికి వచ్చిన రోజు నుంచే పోగుచేయడం మొదలుపెట్టండి. కారు నంబరు, ఓడోమీటర్ అంకె రాయకుండా ఒక్క జాబ్ కార్డు కూడా మూయకూడదని మొదటి నెలలోనే నిబంధన పెట్టండి.